ఒకటిన్నర వేలు

శుక్రవారం.
ఖైతాన్‌ల నల్లా నీళ్లు ఇంకా సల్లగున్నయి.
ఇంకో రెండు గంటలైతే
తిప్పితే చాయ్ నీళ్లే.

బండిని సెంటర్ స్టాండు మీదికెక్కించి
చెయిన్ కింద అట్టపెట్టె పరిచిన.
నేల మీద మరక కనబడితే హారిసు
రెండు దినార్లు అడుగుతడు,
అది గూడ నవ్వుకుంటనే.

వారమంత మోసిన బిర్యానీలు, మందుల సంచులు,
ఎవరి పిల్లదో పుట్టినరోజు కేకు,
అన్ని ఈ గొలుసే గుంజింది.
దీనికి దక్కింది దుమ్ము.
మన దుమ్ము గాదు ఇది,
వస్త్రగాలితం పట్టినట్టు సన్నది,
కంటికి ఆనది,
పంటి కిందికొస్తే గాని తెల్వది.

కిరోసిన్‌ల ముంచిన పాత పళ్ల బ్రష్షుతోని
కడీ కడీ రుద్దుతుంటే
ఫహాహీల్ రోడ్డు, నాలుగో రింగు,
అడ్రస్ దొరకక మూడుసార్లు తిరిగిన సందు
నల్లగ కారి అట్ట మీద పడ్డయి.

సిరిసిల్లల పన్నెండేండ్లకే
సాంచెల కాడ నూనె డబ్బా పట్టినోన్ని నేను.
సాంచె ఆకలి చెవికే తెలుస్తది,
టకటకల ఒక్క టక ఎండిపోతది.
"ఎక్కువ పోస్తె బట్టకు మరక
తక్కువ పోస్తె సాంచెకు మంట"
అనేటోడు మా ఆసామి.
ఈడ బట్ట లేదు. ఇసుక ఉన్నది.
నూనె కారెటట్టు పోస్తె
ఇసుకొచ్చి అతుక్కుంటది,
నూనె నూనెగ ఉండదు, ఆకురాయి అయితది,
నెల తిరగకముందే స్ప్రాకెట్ పండ్లు
కొంకులు తిరుగుతయి.

అందుకే చుక్క.
లోపలి దిక్కు, కడికొక్క చుక్క,
చక్రం చేత్తో తిప్పుకుంట.

"చేత్తోనేనా?"
మెట్ల మీద లింబాద్రన్న.
గ్లాసుల సులేమానీ, అంగి జేబుల నా బండి తాళంచెవి.
అది ఆయన జేబుల పడ్డంకనే
నేను చెయిన్ ముట్టాలె. ఇది రూముల కానూను,
ఆయనే పెట్టిండు,
ఎందుకని ఎవరం అడుగలేదు.

ఆరేండ్ల కింద, ఇంజను నడుస్తుండంగ,
మొదటి గేరుల, చేతిల గుడ్డ.
తొందరగ అయితదనుకున్నడు.
గుడ్డ పోయింది. గుడ్డెనుక
కుడి చూపుడువేలు, నడిమి కణుపు దాక.

ఆ ముచ్చట ఆయన చెప్పడు.
చెప్పేది వేలిముద్రల ఆఫీసు ముచ్చట.
"పెట్టమంటే పెట్టిన. ఎర్రలైటు.
మల్ల పెట్టిన. మల్ల ఎర్రలైటు.
మిగిలింది ఏడున్నదని అడుగుతుందిరా మిషను!
నేనేమంట,
స్ప్రాకెట్‌ను అడుగు అన్న."
ప్రతిసారీ నవ్వుతడు.
ప్రతిసారీ నేను చెయిన్ దిక్కు చూస్త.

బిగువు చూసేటప్పుడు
కింది వరుస నడిమిట్ల లేపితే
రెండు వేళ్ల సందు ఉండాలె.
ఆయన ఎడమచేత రెంచి పట్టుడు నేర్చుకున్నడు,
కొలిచేది కుడిచేతితోనే.
ఒకటిన్నర వేలు.
నాలుగు నెలలు గట్టిగ బిగిసిన చెయిన్‌తోని తిరిగిండు,
షువైఖ్‌ల మెకానిక్ హసీబు
బేరింగు తీసి ముంగట పెట్టేదాక తెల్వలేదు.

ఇగ అప్పటిసంది
"నీ వేళ్లు ఇటు తేరా" అంటడు.
ఆయన బండి కాడ కూసుంట.
నా రెండు వేళ్లు ఆయన గొలుసు కింద,
నట్టు ఆయన చేతిల.
చాలు అనేది నేను,
ఆపేది ఆయన.

క్లిప్పు ఒక్కసారి చూస్తడు,
మూసిన మూతి పోయే దిక్కుకు,
తెరిచిన నోరు ఎనుకకు.
"ఎదురుగాలికి నోరు తెరువద్దు" అంటడు,
నాకా, క్లిప్పుకా.

మిగిలిన నూనె పొడిగుడ్డతో తుడిచి లేచిన.
తాళంచెవి ఇచ్చేముందు
నా చేతులు తిప్పి చూస్తడు, మసి వేళ్లు,
పెదవులు మెదులుతయి.
పది.
అప్పుడు ఇస్తడు.

ఫోను మోగుతున్నది, మొదటి ఆర్డరు.
నూనె ఇంకా ఇంకలేదు.
మోగనీ.